ఉడుతపిల్ల ఏడుపు

ఆ వేసవిలో మా ఇంటిల్లిపాదీ ఉడుతలమైపోయాం.

మా ఆడపడుచు, నేను వదినగారంటాను, ముసలి ఉడుత. ఆవిడ భర్త, నాకు అన్నయ్యగారి వరస, ఆ ఉడుతలన్నిటి చేతా మన భాషలో మాట్లాడించే డబ్బింగ్ డైరెక్టరు. మావారు ఆ గొంతుల్ని పట్టి భద్రం చేసే సౌండ్ ఇంజనీరు. ఇక మా అమ్మాయి బఠాణీ సినిమాకంతా ముఖ్యమైన ఉడుతపిల్ల. పుట్టినప్పుడు అది ఉన్న సైజు చూసి వాళ్ళ నాన్న పెట్టిన పేరది. ఎనిమిదేళ్ళొచ్చినా ఆ పేరు దాన్ని వదల్లేదు.

నాకు గొంతు పనేమీ లేదు. కాలేజీలో సాహిత్యం చదివానన్న ఒక్క పాపానికి సాయంత్రాలు డైలాగు కాగితాలు తెచ్చి నా ముందు పడేసేవారు. "ఈ తల్లి ఉడుత నోరు మూడుసార్లే తెరుస్తుంది. మనవాళ్ళు రాసింది అయిదుసార్లు తెరిస్తే గాని అవదు. కాస్త కత్తిరించు" అనేవారు మావారు. కూరలు తరిగే చేత్తోనే మాటలూ తరిగిచ్చేదాన్ని.

అది ఎక్కడో దూరదేశంలో గీసి తీసిన బొమ్మల సినిమా. ఒక పాత చెట్టు తొర్రలో ఉడుతల సంసారం. చెట్టు కొట్టేస్తారని తెలిసి అందరూ సామాను సర్దుకుంటారు. అవతలి ఒడ్డున ఒంటరిగా ఉన్న ముసలమ్మని తీసుకురావడానికి తల్లి ఉడుత బయల్దేరుతుంది. వాన పట్టుకుంటుంది, నది పొంగుతుంది. పిల్ల ఉడుత తొర్ర అంచున నిలబడి తెల్లారేదాకా తల్లి కోసం పిలుస్తుంది. ఆఖరికి తల్లీ ముసలమ్మా వస్తారు, అందరూ కావలించుకుంటారు, చెట్టు కొట్టడానికొచ్చినవాడు కూడా కళ్ళు తుడుచుకుని గొడ్డలి పారేస్తాడు.

పని మొదలుపెట్టే ముందు అందరం మా ముందుగదిలో కూర్చుని ఆ సినిమా చూశాం. తెర మీద పేర్లు పడుతుండగా అన్నయ్యగారు నా వైపు తిరిగారు. "ఏం చెల్లెమ్మా? ఎలా ఉంది?"

"సగం బాగుంది."

"ఏ సగం?"

"మాట్లాడని సగం."

వదినగారు పకపకా నవ్వేశారు. "మాటలు పెట్టడానికి కూర్చోబెడితే మాట్లాడని సగమే బాగుందంటుంది చూడండి!"

"నిజం చెప్పమన్నారుగా" అన్నాను. "ఆ తల్లి వానలో ఆగి తోక పిండుకుంటుంది చూశారూ, ఎవరో తీరిగ్గా కూర్చుని నిజం ఉడుతని చూసి గీశారది. పిల్ల నిద్రలో గింజని గట్టిగా పట్టుకునే చోటు కూడా అంతే. కాని ఆ తల్లికి తప్పిపోవడం, మళ్ళీ దొరకడం తప్ప సినిమాలో వేరే పనే లేదు. తండ్రికేమో జోకులు. ఆ గొడ్డలివాడు అరనిమిషంలో మారిపోయాడు. మన ప్లంబరు మాట మార్చడానికి కూడా అంతకన్నా ఎక్కువసేపు తీసుకుంటాడు."

"అయితే జనం ఏడవరంటావా?"

"ఆ పిల్ల పిలుపు కుదిరితే ఏడుస్తారు. అప్పుడు నేను చెప్పిన లోపాలు ఒక్కటీ ఎవరికీ గుర్తుండవు. అది కుదరకపోతే అవే మిగుల్తాయి."

అన్నయ్యగారు తల పంకించారు. ఆ మాట ఆయన మనసులో అంతగా నాటుకుంటుందని నేననుకోలేదు.

స్టూడియో అంటే పెద్ద హంగేమీ కాదు. ఒక మేడ మీది వాటా. మాట్లాడే గది ఒకప్పుడు ఎవరిదో వంటిల్లు. గోడలకి నల్లటి స్పాంజి పలకలు అంటించారు గాని, మూలన కుళాయి ఉండిన గుర్తు ఇంకా కనబడుతుంది. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాన్ ఆపెయ్యాలి. ఒకే ఒక్క దీపం, మైకు, ఎత్తు కోసం బఠాణీ కాళ్ళ కింద చెక్కపీట. దాని తల కంటే హెడ్‌ఫోన్లే పెద్దవి. జారిపోకుండా జుట్టు రిబ్బనుతో కట్టేవారు. నోరు ఎండి చప్పుళ్ళు రాకుండా పుల్లటి ఆకుపచ్చ యాపిల్ ముక్కలు తినిపించేవారు. అద్దానికి ఇవతల మావారు మీటల ముందు కూర్చుంటారు. ఒక బొత్తం నొక్కి మాట్లాడితే ఆయన మాట లోపలున్న వాళ్ళ హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. టాక్‌బ్యాక్ అంటారు దాన్ని.

బఠాణీ మమ్మల్నందర్నీ ఆశ్చర్యపరిచింది. ఉడుతపిల్ల నవ్వు, అలక, నోట్లో గింజ పెట్టుకుని మాట్లాడే ముద్దమాటలు, అన్నీ పట్టేసింది. బొమ్మ నోరు తెరిచే క్షణానికి దాని మాట వచ్చి కూర్చునేది. "ఆర్టిస్టు గారూ, కాఫీ తాగుతారా?" అని అన్నయ్యగారు ఆటపట్టిస్తే, "ఇప్పుడొద్దు, మూడ్ పాడవుతుంది" అనేది.

ఏడుపు దగ్గరే వచ్చింది చిక్కు.

నేను భోజనం క్యారియర్ తీసుకుని వెళ్ళిన మధ్యాహ్నం అదే జరుగుతోంది. బఠాణీ "అమ్మా... హూఁ హూఁ... నేనిక్కడే ఉన్నా" అంటూ కళ్ళు మూసుకుని ఊగిపోతోంది. అన్నయ్యగారు తల పట్టుకున్నారు.

"ఎలా ఉంది?" అన్నారు మావారు నా వైపు చూడకుండానే.

"దొంగేడుపులా ఉంది."

నిజానికి అద్దం అవతల నుంచి బఠాణీయే ముందు ఒప్పుకుంది. "నాకు ఏడుపు రావట్లేదు మామయ్యా. నేను హాయిగా ఉన్నాను కదా!"

ఇలాంటి చోట పిలవడానికి వాళ్ళకో మనిషి ఉంది. అందరూ ఏడుపుల అక్క అంటారు. నలభై దాటిన మనిషి. నెలల పిల్లల నుంచి కుక్కపిల్లల దాకా ఎవరి ఏడుపైనా ఏడ్చి, కళ్ళజోడు పెట్టుకుని బస్సెక్కి వెళ్ళిపోతుంది. "ఆవిణ్ణి పిలిపించండి, పోనీ" అన్నారు వదినగారు. అన్నయ్యగారు ఒప్పుకోలేదు. "పిల్ల గొంతు మధ్యలో మారితే అతుకు తెలిసిపోతుంది. సినిమాకి ప్రాణమే అక్కడుంది. చెల్లెమ్మ చెప్పిందిగా."

ఆ తర్వాత ఒకరోజు తండ్రీ కూతుళ్ళు పెందలాడే ఇంటికొచ్చారు. బఠాణీ చేతిలో ఐస్‌క్రీం, మోచేతి దాకా కారిపోయి ఉంది. తిన్నట్టు లేదు.

"అయిపోయింది" అన్నారు మావారు. చేతులు కడుక్కుంటానని వెళ్ళి చాలాసేపు నీళ్ళ చప్పుడు చేశారు.

"ఎలా ఏడ్చావే?" అని అడిగాను.

అది వాళ్ళ నాన్న వెళ్ళిన వైపు చూసింది. "యాక్టింగ్ చేశాను" అని, ఐస్‌క్రీం చెయ్యి చాపేసి వచ్చి నా నడుం చుట్టుకుంది. చీరంతా జిగురు. కోప్పడదామనుకుని, దాని పట్టు చూసి ఊరుకున్నాను.

ఆ పట్టు ఆ రోజుతో పోలేదు. నేను పెరట్లోకెళ్తే పెరట్లోకి, మేడెక్కితే మేడ మీదికి. స్నానానికెళ్తే తలుపవతల కూర్చుని పాటలు పాడేది. ఆపి, "వింటున్నావా?" అనేది. "ఊఁ" అంటే మళ్ళీ పాట. మధ్యాహ్నం కునుకు తీస్తే వీపు మీద దాని అరచెయ్యి తగిలేది. కొట్టుకెళ్ళాలంటే పెద్ద రభస. "ఎందుకెళ్తున్నావు? ఎంతసేపు? రోడ్డు దాటాలా?" దారిలో వాహనాలొచ్చే వైపు తను నడిచేది. "నువ్వు లోపలికి నడు" అని నన్ను గోడ పక్కకి నెట్టేది. స్టూడియోలో మిగిలిన ముక్కలు చెప్పడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ అత్త ఫోన్లోంచి చేసి, "అమ్మా, ఏం చేస్తున్నావు?" అనేది. నేను చెప్పబోయేలోపే, నా గొంతు వినబడగానే పెట్టేసేది.

"అమ్మకూచి అయిపోయింది మీ కూతురు" అన్నాను మావారితో నవ్వుతూ.

"సెలవులు గదా, తోచక" అన్నారాయన. పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు.

సెలవులు అయిపోవస్తుండగా ప్రివ్యూ వేశారు. పొద్దుటి ఆట. చిన్న హాలు, గొంతులిచ్చినవాళ్ళ కుటుంబాలు, సినిమా కొన్న పెద్దమనిషి, ఆయన వెనక పదిమంది. బఠాణీ నా పక్కన కూర్చుని స్ట్రాతో జ్యూసు తాగుతోంది. మావారు మా వరసలో కూర్చోలేదు. సౌండు చూసుకోవాలని వెనక్కెళ్ళిపోయారు.

మొదటి సగం నేను లోలోపల మార్కులు వేసుకుంటూనే ఉన్నాను. వదినగారి ముసలి ఉడుత అద్భుతం. తండ్రి ఉడుత జోకులు మన భాషలోనూ జోకుల్లా లేవు. పిల్ల నిద్రలో గింజని పట్టుకునే చోట హాలంతా నిశ్శబ్దమైంది. అది మాత్రం నేను ముందే చెప్పాను.

వాన మొదలైంది. నది పొంగింది. ఉడుతపిల్ల తొర్ర అంచుకొచ్చింది. నేను కత్తిరించిచ్చిన మాట కోసం ఎదురు చూస్తున్నాను. "అమ్మా, నేనిక్కడే ఉన్నా."

ఆ మాట రాలేదు.

బఠాణీ నిజంగా ఏడిస్తే ముందు చప్పుడుండదు. ఊపిరి లోపలికి వెళ్ళి అక్కడ చిక్కుపడిపోతుంది. చూసేవాళ్ళకి ఇక రాదేమోనని భయమేస్తుంది. ఆ తర్వాత ఎక్కడో అడుగు నుంచి సన్నగా, తీగ లాగినట్టు, ఒక అరుపు లేస్తుంది. పసిగుడ్డుగా టీకా వేయించినప్పుడు అంతే. మెట్ల మీంచి పడి గడ్డం చీల్చుకున్నప్పుడు అంతే. ఆ ఏడుపు ఈ లోకంలో దానికీ నాకూ మాత్రమే తెలుసనుకునేదాన్ని.

తెర మీద ఉడుతపిల్ల నోరు తెరిచింది. ముందు చప్పుడు రాలేదు. ఊపిరి చిక్కుకుంది. తర్వాత ఆ తీగ లేచింది. "అమ్మా" అన్న ఒక్క మాట, మనిషికి రెండింతలున్న ఉడుత నోట్లోంచి, నాలుగు గోడల నుంచీ ఒకేసారి.

"ముందు కూర్చోండమ్మా, కనబట్టం లేదు" అన్నారెవరో వెనక నుంచి.

అప్పుడు తెలిసింది నేను నిలబడి ఉన్నానని. చేతిసంచి కింద పడి ఉంది. ఒక కాలు అప్పటికే నడవాలోకి వేశాను. ఎవరి దగ్గరికి పరిగెత్తబోయానో తెలియదు. పిల్ల నా పక్కనే ఉంది.

కూర్చున్నాను.  చుట్టూ ముక్కులు ఎగబీల్చే చప్పుడు. అందరూ ఏడుస్తున్నారు. సినిమా కొన్న పెద్దమనిషి రుమాలు తీశాడు. బఠాణీ తెర చూడటం మానేసి నా మొహంలోకి చూస్తోంది.

"అమ్మా, నువ్వేడవట్లేదేంటి? అందరూ ఏడుస్తున్నారు" అంది గుసగుసగా.

ఆట అయ్యాక హాలు బయట ఆ పెద్దమనిషి బఠాణీ బుగ్గలు పిండి, "ఈ పాప పిలుపొక్కటి చాలు సార్! సినిమా ఎక్కడికో వెళ్ళిపోతుంది" అన్నాడు. అన్నయ్యగారు నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయారు. వదినగారు తలనొప్పంటూ గబగబా మెట్లు దిగిపోయారు. ఆవిడకి తలనొప్పులు లేవు.

మర్నాడు నేను స్టూడియోకి వెళ్ళాను. బఠాణీని కింద వరండాలో వదినగారి పక్కన కూర్చోబెట్టాను.

"ఎక్కడికి?" అంది నా కొంగు పట్టుకుని.

"పైకే. నాన్న దగ్గరికి."

"మెట్ల మీద మెల్లిగా వెళ్ళు" అని వదిలింది.

పైన మావారు ఒక్కరే ఉన్నారు. నన్ను చూసి లేచారు.

"ఆ పిలుపు పెట్టండి" అన్నాను.

"ఇప్పుడెందుకు..."

"పెట్టండి."

పెట్టారు. ఈసారి బొమ్మ లేదు, వాన లేదు. ఒట్టి నా పిల్ల. కంప్యూటర్ తెర మీద ఆ అరుపు ఒక గీతలా లేచి, వణికి, పడిపోయింది.

"దానికేం చెప్పారు?"

"ఎవరు?"

"మీరు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. వేలు దానంతటదే ఆ టాక్‌బ్యాక్ బొత్తం మీదికి వెళ్ళింది. ఉలిక్కిపడ్డట్టు తీసేసుకున్నారు.

"నీకు యాక్సిడెంటయిందని చెప్పాను. ఆస్పత్రికి తీసుకెళ్ళారని."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇంకా?"

"లాభం లేదంటున్నారని."

స్పాంజి గోడల మధ్య మాటకి ప్రతిధ్వని ఉండదు. అన్న మాట అన్న చోటే పడి ఉంటుంది. నేను అద్దంలోంచి ఆ చీకటి గదిని, ఆ చెక్కపీటని చూస్తూ నిలబడ్డాను. ఫ్యాన్ లేకుండా, తలుపేసి ఉన్న గదిలో, రెండు చెవుల్లోనూ తండ్రి గొంతు మోగుతుంటే, నా పిల్ల ఆ పీట మీద నిలబడి నేను ఇక బతకనని విన్నది. అప్పటికి నేను ఇంట్లో దాని గౌనుకి గుండీ కుట్టుకుంటూ ఉండి ఉంటాను.

"ఒక్క నిమిషం కూడా కాదు" అన్నారాయన. "వెంటనే తలుపు తీసి ఎత్తుకున్నాను. అబద్ధం అమ్మలూ, ఉత్తిదే, సినిమా కోసం అని చెప్పాను. అమ్మకి చెప్పకు, బాధపడుతుంది అన్నాను. అర్థం చేసుకుంది."

"ఏం అర్థం చేసుకుంది? అమ్మ ఇక దక్కదన్నది మీరే, ఉత్తిదే అన్నదీ మీరే. అందులో ఏది అబద్ధమో దానికెలా తెలుస్తుంది? సెలవులన్నీ నా ఒంటి మీద చెయ్యేసి చూసుకుంటూనే ఉంది, ఉన్నానా లేదా అని."

ఆయన తలెత్తలేదు. "నువ్వే అన్నావుగా, దొంగేడుపులా ఉందని."

"అన్నాను. అందుకని దాని తల్లిని చంపమన్లేదు."

అన్నయ్యగారు ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. "తప్పు నాది చెల్లెమ్మా. అడిగింది నేను. వాడు వద్దంటూనే ఉన్నాడు. కాని నిన్న చూశావు గదా, హాలంతా..."

"చూశాను. తీసెయ్యండి."

"తీసేస్తే సినిమాలో ఇంకేం మిగుల్తుంది?"

"తోక పిండుకోవడం మిగుల్తుంది. గింజ పట్టుకుని నిద్రపోవడం మిగుల్తుంది. వదినగారు మిగుల్తారు. ఆ పిచ్చి జోకులూ, గొడ్డలివాడూ మిగుల్తారు. అది ఎంత మంచి సినిమానో అంతే మిగుల్తుంది అన్నయ్యగారూ. అంతకు మించి మంచిదనిపించడానికి నా పిల్లని వాడుకోకండి."

 అన్నయ్యగారు ఫోను తీసి, "ఏడుపుల అక్క రేపు ఖాళీయేనేమో కనుక్కుంటాను" అన్నారు.

ఇంటికొచ్చాక వంటింట్లో యాపిల్ కోసి బఠాణీ ముందు పెట్టాను. అది గట్టు మీదెక్కి కూర్చుంది, కాళ్ళు ఊపుతోంది.

"నాది తీసేస్తారంట కదా. అత్త చెప్పింది."

"అవును."

"ఎందుకు? బాలేదా?"

ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చాను. "బాగానే ఉంది. కాని నాన్న నిన్ను భయపెట్టి ఏడిపించాడు. అది తప్పు. నువ్వు భయపడి ఏడ్చిన ఏడుపు ఊరందరికీ వినిపించడం నాకిష్టం లేదు."

అది కాళ్ళు ఊపడం ఆపింది. "అది కాదమ్మా ఇది."

"ఏది కాదు?"

"సినిమాలో ఉన్నది అది కాదు. అది పగిలిపోయింది."

అర్థం కాలేదు నాకు. అది తండ్రి కూతురిలా, ఓపిగ్గా వివరించింది. "నేను మామూలుగా మెల్లిగా మాట్లాడతాను కదా, నాన్న దానికి తగ్గట్టు మీట పెట్టాడు. నేను చాలా గట్టిగా ఏడ్చేశాను. నాన్న మిషను మీద ఎర్ర దీపాలన్నీ వెలిగిపోయాయి. తర్వాత వింటే గరగరమని ఉంది. పనికి రాదు. మామయ్య అయ్యో అన్నాడు. నాన్నేమో నన్ను పట్టుకుని ఏడుస్తున్నాడు. అప్పుడు నేనే అన్నాను, మళ్ళీ చేస్తానని."

"నువ్వే అన్నావా?"

"ఊఁ. ఎలా వచ్చిందో గుర్తుంది కదా. ముందు ఊపిరి ఆపాలి. ఇక్కడ పట్టెయ్యాలి." గొంతు కింద వేలు పెట్టి చూపించింది. "తర్వాత కడుపులోంచి వదలాలి. చూడు."

చూపించింది.

నా ఎదురుగా, గట్టు మీద కూర్చుని, చేతిలో యాపిల్ ముక్కతో. ఊపిరి చిక్కుకుంది. ఆ నిశ్శబ్దం వచ్చింది. అడుగు నుంచి ఆ తీగ లేచింది. "అమ్మా." నా చేతిలో చాకు సింకులో పడింది. తెలిసి కూడా, చూస్తూ కూడా, రెండు చేతులూ దాని మీదికి వెళ్ళిపోయాయి.

అది ఆపేసింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "అంతే" అని యాపిల్ కొరికింది. "మొదట్లో నువ్వు ఆస్పత్రిలో ఉన్నావనుకుంటే వచ్చేది. ఇప్పుడు ఏమీ అనుకోకపోయినా వస్తుంది."

 నిన్న హాల్లో నా కాళ్ళని లేపి నిలబెట్టింది ఇదన్నమాట. కన్నతల్లిని, వంకలు పెట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరంటారు. అతుకెక్కడుందో నాకు తెలియనే లేదు.

"తీసేయించొద్దమ్మా" అంది. "కష్టపడి చేశాను. నిజం చెప్పు, బాగుందా లేదా?"

ఇంట్లో అందరికీ తెలుసు, అలా అడిగితే నేను నిజమే చెబుతానని. దానికీ తెలుసు.

"బాగుంది" అన్నాను. "సినిమా మొత్తంలో అదే బాగుంది."

అది మొహమంతా నవ్వింది.

సాయంత్రం మావారితో అన్నాను, ఏడుపుల అక్కని పిలవద్దని. ఎందుకని ఆయన అడగలేదు. "రెండోసారి చేసిన సంగతి మీరెందుకు చెప్పలేదు?" అన్నాను. ఆయన చెప్పారు. "మొదటిసారి ఏడ్చినప్పుడు తప్పు చేశాననిపించింది. దిద్దుకోవచ్చు అనుకున్నాను. రెండోసారి చేసినప్పుడు భయమేసింది. కళ్ళు తుడుచుకుని, బొమ్మ నోటికి సింక్ కుదిరిందా నాన్నా అంది. అది నీకెలా చెప్పను?"

సినిమా విడుదలైంది. బాగా ఆడింది. పత్రికల్లో ఆ పిలుపు గురించే రాశారు. గొడ్డలివాడి గురించి ఎవరూ ఏమీ అనలేదు. మేం అందరం కలిసి ఒకసారి వెళ్ళాం. ఆ చోటు రాగానే మావారు లేచి బయటికి వెళ్ళారు, నేను కూర్చునే చూశాను. బఠాణీ మాత్రం తల తిప్పి జనాన్ని చూసుకుంది, ఎవరెవరు ఏడుస్తున్నారో.

బడి తెరిచారు. అది నా వెంట తిరగడం కొంచెం కొంచెంగా తగ్గింది. స్నానాల గది తలుపవతల పాటలు ఆగాయి. కొట్టుకెళ్తే, "తొందరగా రా" అని మాత్రం అనేది. మావారూ నేనూ ముక్తసరిగా మాట్లాడుకునే రోజులు పోయి, కరెంటు బిల్లుల గురించీ కూరల గురించీ మామూలుగానే మాట్లాడుకుంటున్నాం. అంతా సర్దుకుంటోందనే అనుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం ముందుగదిలో ఆరిన బట్టలు మడతలు పెడుతున్నాను. దుప్పటి రెండో కొస మావారు పట్టుకున్నారు. బఠాణీ లోపలి గదిలో బడి బట్టలు సర్దుకుంటోంది.

బీరువా తలుపు పడిన చప్పుడు వినిపించింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, సన్నగా, తీగ లాగినట్టు లేచింది.

"అమ్మా."

దుప్పటి వదిలేసి లేచాను. ఆయనా లేచారు. రెండడుగులు వేసి ఆగాను.

నేనెందుకు ఆగానో చూడటానికి ఆయన ఆగారు. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇద్దరం తలలు కొంచెం పక్కకి వంచి వింటున్నాం. అద్దం ఇవతల కూర్చున్న వాళ్ళలా, ఇది ఏదో తేల్చుకోవడానికి.

రెండో పిలుపు రాలేదు. తలుపు తీసుకుని అదే వచ్చింది. ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని ఉంది. వేలి గోరు అప్పటికే నల్లబడుతోంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి గౌను మీద పడుతోంది.

గుమ్మంలో ఆగి, కదలకుండా నిలబడి ఉన్న మా ఇద్దర్నీ చూసింది. ముందు నన్ను, తర్వాత వాళ్ళ నాన్నని, మళ్ళీ నన్ను.

"నిజంగానే ఏడుస్తున్నానమ్మా" అంది.